శాతవాహనుల కాలం: పరీక్షలో ఏ లెక్క రాయాలి?

అందరికీ నమస్కారం. బీఏ హిస్టరీ మొదటి ఏడాది చదువుతున్నాను, తెలుగు మీడియం. హరప్పా, మౌర్యులు ఎలాగో గట్టెక్కాయి గానీ శాతవాహనుల దగ్గర ఆగిపోయాను.

మా గైడులో వీళ్ల పాలన అశోకుడు పోయాక, క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే మొదలైందని ఉంది. లైబ్రరీ పుస్తకమేమో క్రీ.పూ. 1వ శతాబ్దం అంటోంది. దాదాపు రెండొందల ఏళ్ల తేడా! మత్స్య పురాణం 30 మంది రాజులని చెబుతుంటే వాయు పురాణం జాబితా బాగా చిన్నది. రాజులు ఎక్కువైతే పాలన మొదలు వెనక్కి పోతుంది, గొడవంతా అక్కడే అని అర్థమైంది. పోనీ శాసనాలు తేలుస్తాయా అంటే, శాతవాహన రాణి నాగనికదిగా చెప్పే నానాఘాట్ శాసనంలో యాగాలు, దక్షిణల చిట్టా బోలెడుంది గానీ ఏ శకంతో లెక్కించాలో లేదు. హాథీగుంఫా శాసనంలో శాతవాహన రాజు శాతకర్ణి పేరుంది, కానీ అది వేయించిన కళింగ రాజు ఖారవేలుడి కాలమే తేలలేదాయె. నాకైతే నాణేలే నయమనిపించింది: మహారాష్ట్రలోని జోగల్‌తంబిలో దొరికిన శక రాజు నహపాణుడి వెండి నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి మళ్లీ తన ముద్ర కొట్టించాడు కాబట్టి, ఎవరి తర్వాత ఎవరో స్పష్టం.

10 మార్కుల జవాబులో రెండు వాదనలూ రాసి వదిలేయవచ్చా, ఒకదాని పక్షం వహించాలా? తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన, శాతవాహన వంశ స్థాపకుడిగా చెప్పే చిముకుడి నాణేలు ఏ వాదనకు బలం? పేపర్లు దిద్దిన లెక్చరర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. నాణేల గురించి తెలుగులో మంచి పుస్తకం ఉంటే అదీ చెప్పండి, ఇంగ్లీషు పుస్తకాలు ఇంకా నెమ్మదిగానే సాగుతున్నాయి.