ఇద్దరమే పడవలో ఇంటికి: 96 కి.మీ. కాలువ, 22 లాకులు, రెండు సరస్సులు. ఏమేం చూసుకోవాలి?

నీటిబాట:
అందరికీ నమస్కారం. కొన్న పడవను మా రేవుకు తెచ్చుకోవాలి. లారీకి ఎక్కించకుండా నీళ్ల మీదే తీరిగ్గా రావాలని మా ఇద్దరి కోరిక. 9 మీటర్ల స్టీలు పడవ, 28 హార్స్‌పవర్ డీజిల్ ఇంజను, 120 లీటర్ల ట్యాంకు. నీళ్లలో 80 సెం.మీ. మునుగుతుంది. రెండేళ్లుగా కదలకుండా కట్టి ఉంది. దారి మొత్తం 140 కి.మీ.: 96 కాలువ, మధ్యలో 30 కి.మీ. సరస్సు ఒకటి, 14 కి.మీ. సరస్సు ఒకటి. లాకులు (నీటిమట్టం మారేచోట పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) 22, వాటి తలుపులూ తూములూ చాలావరకు మనమే తిప్పుకోవాలి. పడవలో భార్యాభర్తలం ఇద్దరమే. ఎన్ని రోజులు వేసుకోవాలి? ఇద్దరితో లాకులు దాటడం ఎలా? బయలుదేరే ముందు ఏం చూడాలి?

లాకుగుంజ:
ముందు రోజుల లెక్క. కాలువలో గంటకు 6 కి.మీ. మించి వేసుకోకండి, అంటే 16 గంటలు. లాకుకు 20 నిమిషాల చొప్పున 22 లాకులకు ఏడు గంటల పైచిలుకు. సరస్సుల్లో గంటకు 10 చొప్పున నాలుగున్నర గంటలు. మొత్తం 28 గంటలు. రోజుకు 5 గంటలు నడిపితే 6 రోజులు. సరస్సు ఒడ్డున గాలి తగ్గేదాకా ఆగడానికి ఇంకో 2 రోజులు కలిపి 8 రోజులు పెట్టుకోండి. ఈ రెండు రోజులనూ చివర్లో కాకుండా ఒక్కో సరస్సు ముందు ఒక్కోటి ఉంచండి. ఫలానా రోజుకు ఇంట్లో ఉంటామని ఎవరికీ మాట ఇవ్వకండి. సరస్సు మీద జరిగే చాలా పొరపాట్లకు ఆ మాటే కారణం.

కాలువలో వేగం పెంచినా కలిసిరాదు. కింద నీరు చాలక పడవ వెనక భాగం కుంగుతుంది, డీజిలు మాత్రం ఎక్కువ తాగుతుంది. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. గట్టు వెంబడి అల విరుగుతూ నీళ్లు బురద రంగుకు తిరుగుతుంటే మీది ఎక్కువ వేగమే. గట్టున కట్టి ఉన్న పడవల పక్కన నడక వేగానికి దించాలి. లేకపోతే మీరు లాగిన నీటితో పాటు అవి ముందుకూ వెనక్కూ ఊగి, కట్టిన మేకుల్ని పీక్కుంటాయి.

ఇక లాకులు. ఇద్దరిలో ఒకరు గట్టు మీద తూములూ తలుపులూ చూసుకోవాలి, ఒకరు పడవలో ఉండాలి. మూడు నాలుగు లాకులకు ఒకసారి పనులు మార్చుకోండి. ఇంజను హోరులో మాట వినపడదు, అరిస్తే సగమే అర్థమవుతుంది. నాలుగు సైగలు ముందే అనుకోండి: తూము ఎత్తు, తూము దించు, ఆగు, అంతా బాగుంది. పడవలో ఉన్నవారు "దించు" అని చేయి చూపితే గట్టు మీదివారు ఎందుకని అడగకుండా దించేయాలి.

దిగే లాకులో అసలు ప్రమాదం గడప దగ్గర. పై తలుపుల అడుగున రాతి గడప లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. లాకు నిండుగా ఉన్నప్పుడు అది కనపడదు. నీరు దిగేటప్పుడు పడవ వెనక భాగం దాని మీద కూర్చుంటే ముక్కు మాత్రం దిగుతూనే ఉంటుంది, నిమిషాల్లో పడవలోకి నీళ్లొస్తాయి. గడప ఎక్కడిదాకా వచ్చిందో చాలా లాకుల్లో గోడ మీద గీత ఉంటుంది. ఆ గీతకు కనీసం ఒక మీటరు ముందుండండి. చుక్కాని, పడవను తోసే ఫ్యాను (ప్రొపెల్లర్) వెనకే ఉంటాయి, వాటినీ లెక్కలో వేసుకోండి. పొరపాటున తట్టుకుంటే ముందు కింది తూములు మూయాలి, ఆ తర్వాతే పై తూములు నెమ్మదిగా తెరిచి నీరు నింపాలి. ఈ వరుస తప్పకూడదు.

ఎక్కే లాకులో భయం వేరే. పై తూముల నుంచి వచ్చే నీరు పడవను ముందుకూ వెనక్కూ లాగుతుంది. ముక్కు పై తలుపుల దగ్గరగా ఉంటే తలుపు దూలం కింద ఇరుక్కుంటుంది. వెనక్కి ఉండి, తూమును మొదట పావు వంతే ఎత్తండి. పడవ కుదురుకున్నాక సగం, ఆ తర్వాత మొత్తం.

దిగుతున్నా ఎక్కుతున్నా లాకులో తాడును ముడి వేసి కట్టకూడదు. గుంజ చుట్టూ ఒక చుట్టు తిప్పి కొసను చేతిలో ఉంచుకుని, నీరు దిగేకొద్దీ వదులుతూ, ఎక్కేకొద్దీ లాగుతూ ఉండాలి. చేతికి చుట్టుకోవడం అసలే వద్దు. 14 మి.మీ. నైలాను తాళ్లు, 15 మీటర్లవి రెండు తీసుకోండి. 3 మీటర్ల లాకులో తాడు పైకి వెళ్లి గుంజ చుట్టి తిరిగి చేతికి రావడానికే 8, 9 మీటర్లు పోతుంది. చేతిలో ఉండే కొసకు ముడిగానీ ఉచ్చుగానీ ఉండకూడదు, అది గుంజ దగ్గర బిగుసుకుంటుంది. అవసరమైతే కోయడానికి పళ్లున్న కత్తి చుక్కాని పక్కనే ఉండాలి.

గడకర్ర:
పైన చెప్పినదంతా సరే, ఒక్కటి చేరుస్తాను. ఒకరు గట్టు మీద ఉంటే పడవలో మిగిలేది ఒక్కరే, ముక్కు తాడూ వెనక తాడూ రెండూ పట్టుకోలేరు. అప్పుడు పడవ నడుముకు ఉన్న క్లీటు (తాడు కట్టే కొమ్ముల కొక్కెం) నుంచి వెళ్లే తాడు ఒక్కటే వాడండి. గుంజ పడవ నడుముకంటే కొంచెం వెనక ఉండేలా చూసి, ఇంజనును నెమ్మదిగా ముందు గేరులో ఉంచితే పడవ గోడకు ఆనుకుని నిలబడుతుంది. నడుము క్లీటు లేకపోతే బయలుదేరే ముందే పెట్టించుకోండి.

ఫెండర్లు (గోడ తగలకుండా పడవ పక్కన వేలాడే మెత్తలు) చెరో పక్క నాలుగు వేలాడదీసుకోండి. ఇరుకు లాకుల్లో మాత్రం పైకి తీసేయాలి, గోడకూ పడవకూ మధ్య ఇరుక్కుంటే పడవ అక్కడే వేలాడుతుంది.

ఇంజనుగది:
రెండేళ్లు కదలని పడవ అన్నారు. నా దృష్టిలో మీ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట అదే.

డీజిలు ట్యాంకులో గాలి తేమ చెమ్మగా పట్టి నీరై అడుగుకు దిగుతుంది. ఆ నీటికీ డీజిలుకూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడుతుంది. కాలువలో పడవ ఊగదు కాబట్టి అది అడుగునే ఉంటుంది, ఇంజను చక్కగా నడుస్తుంది. నాలుగు రోజులు ఏ ఇబ్బందీ లేదని నమ్మకం కుదురుతుంది. సరస్సు మధ్యకు వెళ్లాక అలలకు ట్యాంకు కుదిపేసినట్టవుతుంది, జిగురంతా లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. పక్క గాలి, పెద్ద అల, ఆగిపోయిన ఇంజను, మూడూ ఒకేసారి వచ్చేది అందుకే.

కాబట్టి ట్యాంకు అడుగున ఉన్న కుళాయి నుంచి, లేదా సన్నటి గొట్టం అడుగుదాకా దించి చేతి పంపుతో, రెండు లీటర్లు గాజు సీసాలోకి తీసి గంట సేపు కదపకుండా ఉంచండి. కింద నీరు తేరితే, మధ్యన నల్లటి నూగు కనపడితే ట్యాంకు మొత్తం తోడించి శుభ్రం చేయించండి. మందు పోసి ఊరుకుంటే చాలదు. చచ్చిన జిగురు కూడా ఫిల్టరును మూసేస్తుంది. శుభ్రం చేశాక ట్యాంకు నిండా పోయండి. ఈ దారికి 70 లీటర్ల దాకా ఖర్చవుతుంది. మొదటి సరస్సుకు ముందు మళ్లీ నింపుకుంటే అడుగు సరుకు దాకా వెళ్లే అవసరం రాదు.

ఫిల్టర్లు ప్రతి రకంవీ రెండేసి పెట్టుకోండి. మార్చాక గాలి తీయడం ఒడ్డునే ఇద్దరూ చేసి చూడండి: ఫిల్టరు మీది చిన్న స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, ఫీడు పంపు (ట్యాంకు నుంచి ఇంజనుకు డీజిలు తెచ్చే పంపు) మీటను చేత్తో కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగలు లేని డీజిలు రాగానే పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. పంపు మీట ఆడుతున్నా బరువు తెలియకపోతే ఇంజనును కాస్త తిప్పి మళ్లీ కొట్టండి.

రెండోది చల్లబరిచే నీరు. కాలువలో ఇంజను ఆగితే చాలావరకు ఈ కారణంతోనే. నాచు, ఆకులు, ప్లాస్టిక్ సంచులు జల్లెడలో పడతాయి. రోజూ పొద్దున ఇంజను వేయకముందే: బయటి నీరు లోపలికి వచ్చే పడవ అడుగు కుళాయి మూయండి, జల్లెడ మూత తీసి కడగండి, మూత కింద రబ్బరు రింగుకు కాస్త గ్రీజు రాసి బిగించండి, కుళాయి తెరవండి. ఇంజను వేశాక పొగ గొట్టం నుంచి అర నిమిషంలో నీళ్లు చిమ్మాలి. చిమ్మకపోతే వెంటనే ఆపండి. నీళ్లు లేకుండా తిరిగితే పంపులోని రబ్బరు చక్రం రెక్కలు ఒకటి రెండు నిమిషాల్లో తెగిపోతాయి. కొత్త చక్రం, దాని గాస్కెట్టు వెంట ఉంచుకోండి. మార్చేటప్పుడు పాత దాని రెక్కలు లెక్కపెట్టండి. ఆరింటిలో నాలుగే ఉంటే మిగతా రెండూ ముందు గొట్టంలోనో హీట్ ఎక్స్‌చేంజర్ (ఇంజను వేడిని నీటికి వదిలే భాగం) మూతి దగ్గరో ఉంటాయి. అవి తీయకపోతే కొత్త చక్రం వేసినా ఇంజను వేడెక్కుతుంది.

రాత్రి రేవులో పడవకు టార్పాలిన్ కప్పి బ్యాటరీ కోసం ఇంజను నడపకండి. పొగ లోపలికే వస్తుంది. పడుకునేచోట కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

నీటిబాట:
చాలా ఉపయోగంగా ఉంది అండి. సీసా పరీక్ష ఈ వారమే చేస్తాను. రెండు సందేహాలు. పెద్ద సరస్సు చాలా లోతట, చిన్నది నాలుగు మీటర్లే. చిన్నదానికి పెద్దగా భయపడక్కర్లేదు కదా? కాలువలో గుర్రపుడెక్క ఫ్యానుకు చుట్టుకుంటే ఏం చేయాలి?

ఎదురుగాలి:
చిన్న సరస్సే ముందు అల లేపుతుంది. లోతు తక్కువైతే అల పొట్టిగా, నిటారుగా, వెంటవెంటనే వస్తుంది. ఒకదాని నుంచి ముక్కు లేచేలోపే రెండోది పడుతుంది. నెదర్లాండ్స్‌లోని ఐసెల్‌మీర్ చాలా చోట్ల అయిదారు మీటర్లకు మించదు, పడవలవాళ్లు దాన్ని జాగ్రత్తగా చూసేది ఈ అల వల్లే. లోతైన సరస్సు ఇబ్బంది వేరు. స్కాట్లండ్‌లో కాలెడోనియన్ కాలువ మధ్యలో వచ్చే లాఖ్ నెస్ 200 మీటర్లకు పైగా లోతు, రెండు పక్కలా కొండలు. గాలి ఆ సందు వెంటే నిలువునా వీస్తుంది, గట్టు దాకా లోతే కాబట్టి ఇంజను ఆగితే లంగరు అందే చోటు దాదాపు ఉండదు. మీ పెద్ద సరస్సులో లంగరు అందే చోట్లు మ్యాపు మీద ముందే గుర్తు పెట్టుకోండి.

లంగరు 10 కిలోలకు తగ్గకుండా, 10 మీటర్ల గొలుసు, దానికి 40 మీటర్ల తాడు. లోతుకు అయిదింతలు వదలాలి. లంగరు ముక్కు మీద వాడుకకు సిద్ధంగా ఉండాలి, తాడు రెండో కొస పడవకు కట్టి ఉందో లేదో చూడండి.

ఎక్కువ రోజుల్లో తెల్లవారుజామున గాలి పడిపోయి ఉంటుంది, మధ్యాహ్నానికి లేస్తుంది. కాబట్టి వెలుగు రాగానే సరస్సులోకి దిగండి. మీ పడవకు గంటకు 20 కి.మీ. గాలి హద్దు అనుకోండి. గాలి సరస్సు పొడుగునా వీస్తుంటే అంతకంటే తక్కువకే ఆగండి, అల పెరగడానికి నీటి మీద గాలికి దొరికే దూరమే ముఖ్యం. అల పక్క నుంచి కొడుతుంటే నేరుగా పోకండి. ముక్కును అలకు ముప్పై నలభై డిగ్రీల కోణంలో ఉంచి కొంత దూరం, తర్వాత మలుపు తిరిగి అలను వెనక మూలకు పెట్టుకుని కొంత దూరం వెళ్లండి. దారి పెరుగుతుంది, పడవ మాత్రం దొర్లదు. కాలువ వదిలే ముందు కిటికీలు బిగించి, గ్యాసు మూసి, లైఫ్ జాకెట్లు వేసుకోండి.

గుర్రపుడెక్క సంగతి. ఇంజను శబ్దం బరువెక్కి, నల్లపొగ వచ్చి, వేగం పడిపోతే చుట్టుకున్నట్టే. దట్టంగా కనపడితే దూరం నుంచే వేగం తీసుకుని, న్యూట్రల్ చేసి జారిపోండి. చుట్టుకుంటే న్యూట్రల్, తర్వాత రెండు మూడు సెకన్లు రివర్స్. ఆకుల్లాంటివి విడిపోతాయి. విడిపోకపోతే గట్టుకు కట్టి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, ఇంజను గదిలో ఫ్యానుకు పైన ఉండే మూత తీసి కత్తితో కోయండి. ఆ మూతను తిరిగి బిగించాకే గేరు వేయాలి. వదులుగా ఉంటే ఫ్యాను తోసిన నీళ్లు నేరుగా ఇంజను గదిలోకి వస్తాయి.

లాకుగుంజ:
ఇద్దరే కాబట్టి ఒకటి తప్పకుండా సాధన చేయండి. ఒకరు నీళ్లలో పడితే మిగిలేది ఒక్కరే. మొదటి పని న్యూట్రల్. వెనక్కి రావాలని రివర్స్ వేస్తే ఫ్యాను మనిషి వైపే లాగుతుంది. లాకులో అయితే ముందు తూములు మూయాలి, తర్వాత తాడు విసరాలి. తడి బట్టలతో ఉన్న మనిషిని ఒక్కరు పైకి లాగలేరు కాబట్టి నిచ్చెన కింది మెట్టు నీటిలోపల అర మీటరు దాకా ఉండాలి, దాన్ని నీళ్లలోంచే కిందికి దించుకునే వీలుండాలి. రేవులో కట్టి ఉన్నప్పుడే ఇద్దరూ ఒక్కోసారి దిగి ఆ నిచ్చెన ఎక్కి చూడండి. మీలో ఎక్కలేని వారు ఎవరైనా ఉంటే ఇంకో మెట్టు తగిలించాకే బయలుదేరండి.