మౌంట్ కట్టింగ్ మెషిన్‌లో మూలలు సరిగ్గా తెగడం లేదు, సలహా చెప్పండి

ప్రశ్న (కావలి):
అన్నలకు నమస్కారం. మాది ఫొటో ఫ్రేముల షాపు. ఈమధ్యే కంప్యూటర్ మౌంట్ కట్టర్ పెట్టాం (మౌంట్ అంటే ఫొటో చుట్టూ పెట్టే, మధ్యలో కిటికీలా కోసిన బోర్డు). గీతలు సూటిగానే వస్తున్నాయి, తేడా అంతా మూలల దగ్గరే. ఎడమవైపు మూలల్లో లోపలి ముక్క ఊడి రాదు, లాగితే పీచు లేస్తుంది. కుడివైపు గీత మూల దాటి పోతోంది. నల్లబోర్డు మీద ఆ తెల్లగీత కనపడి పెళ్లి ఫొటో ఒకటి వెనక్కి వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఓవర్‌కట్ (గీత మూల దాటి ఎంత పోవాలో చెప్పే నంబరు) పెంచితే ఎడమ బాగవుతుంది, కుడి ఇంకా చెడుతుంది. బ్లేడు కొత్తదే. ముహూర్తాల సీజన్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (నెల్లూరు):
తమ్ముడూ, ముందు ఆ నంబర్లు ముట్టుకోకు. నాలుగు మూలలూ ఒకేలా తప్పితే అది సెట్టింగ్ తప్పు. ఒక పక్క తెగక, ఇంకో పక్క దాటుతోందంటే బ్లేడు అన్నిచోట్లా ఒకే లోతుకు దిగడం లేదన్నమాట. మౌంట్ కింద వేసే అడుగుబోర్డు తీసి వెలుతురులో అడ్డంగా పట్టుకుని చూడు. కోసినచోటే కోసి గాట్లు పడి ఉంటుంది. అక్కడ మౌంట్ కిందికి కుంగుతుంది, బ్లేడు మొన అవతలికి చేరదు. పాత గాట్లో మొన ఇరుక్కుంటే గీత కూడా వంకర పోతుంది. దాన్ని మార్చెయ్.

ఆ తర్వాత లోతు. మామూలు నాలుగు పొరల బోర్డు మందం సుమారు 1.4 మి.మీ. బ్లేడు దాన్ని పూర్తిగా కోసి, అడుగుబోర్డు మీద సన్నటి గీత పెడితే చాలు. బ్లేడు మొన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి ఎంత లోతుకు దించితే పైన గీత అంత పొడుగవుతుంది. అందుకే లోతు కుదరకుండా ఓవర్‌కట్ సరిచేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు అదే బోర్డు తుక్కు ముక్కలో 5 సెం.మీ. చదరం కోయించు. మెషిన్ ఏ గీత ఎటునుంచి ఎటు కోసిందో పెన్సిల్‌తో బాణాలు వేసుకో. ప్రతి మూలలో ఒక గీత ముగుస్తుంది, ఇంకోటి మొదలవుతుంది. ఓవర్‌కట్‌లో గీత మొదటికి స్టార్ట్, చివరికి ఎండ్ అని రెండు నంబర్లుంటాయి. ముగిసే గీత దాటితే ఎండ్ నంబరు తగ్గించు. మొదలయ్యే గీత వెనక్కి పొడుచుకొస్తే స్టార్ట్ తగ్గించు. ఒకసారికి ఒక్కటే, అదీ 0.1 మి.మీ. మాత్రమే. రెండూ కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలీదు.

జవాబు (ఒంగోలు):
అన్న చెప్పింది కరెక్టు. ఇంకోటి, మన వైపు వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గోడకి ఆనించి నిలబెట్టిన బోర్డు చెమ్మ పీల్చి వంగుతుంది. వంగిన బోర్డుకి ఏ సెట్టింగూ నిలవదు. పడుకోబెట్టి, పైన బరువు పెట్టండి.

ప్రశ్న (కావలి):
అన్నా, అడుగుబోర్డు ఎడమవైపు నిజంగానే గుంట పడి ఉంది. మార్చాక మూలలన్నీ ఒకేలా తెగుతున్నాయి. కానీ ప్రతి గీత మొదట్లో చిన్న కొక్కెంలా వంపు ఉంది.

జవాబు (నెల్లూరు):
అది బ్లేడు దిగేటప్పుడు వంగడం. కరెంటు తీసేసి హోల్డర్ స్క్రూ బిగువు చూడు. బ్లేడు అవసరానికి మించి బయటికి ఉంటే లోపలికి జరుపు, లోతు మళ్లీ సరిచూసుకో. బ్లేడు దిగే వేగం తగ్గించు. అప్పటికీ పోకపోతే కొంచెం మందం బ్లేడు వెయ్యి. కొత్త ప్యాకెట్ అని నమ్మొద్దు, మొన విరిగిన బ్లేడు అందులోనూ ఉంటుంది.

అంటుకున్న ముక్కని మాత్రం చేత్తో లాగొద్దు. మెషిన్ గీత కోసిన 45 డిగ్రీల వాలులోనే షేవింగ్ బ్లేడు దూర్చి తెంపు. మూల కాస్త దాటిన గీత మీద పల్చటి కాగితం పెట్టి స్పూను వెనకభాగంతో రుద్దితే చాలావరకు మూసుకుంటుంది. తెల్లబోర్డు అయితే అసలు కనపడదు.

ప్రశ్న (కావలి):
వేగం తగ్గించాక వంపు పోయింది అన్నా, చాలా థాంక్స్. ఎనిమిది పొరల బోర్డుకీ ఇవే నంబర్లు పెట్టొచ్చా?

జవాబు (నెల్లూరు):
వద్దు. మందం రెట్టింపు కాబట్టి లోతు, స్టార్ట్, ఎండ్ అన్నీ వేరే వస్తాయి. దానికి వేరే పేరుతో సెట్టింగ్ సేవ్ చేసి, చదరం కోయడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టు.