జపాను తరగతిలో మన పెద్ద పండుగ: పరిచయం చేయవచ్చా?

పెదవాల్తేరు నుంచి:
జపానులో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఇంగ్లీషు చెప్పే మా చెల్లెలు, జనవరిలో ఆరో తరగతి పిల్లలకు సంక్రాంతిని పరిచయం చేసి, అరిసెలు పంచాలనుకుంటోంది. ఇది సబబేనా?

మద్దిలపాలెం నుంచి:
నాకు సమ్మతం కాదు. అక్కడ 2020 నుంచి 5, 6 తరగతులకు ఇంగ్లీషు పూర్తి స్థాయి పాఠ్యాంశమైంది. ఏడాదికి 45 నిమిషాల పీరియడ్లు 70 మాత్రమే. పైగా ఆ దేశపు విద్యా మౌలిక చట్టం, 15వ అధికరణంలో, ప్రభుత్వ బడులు ఏదో ఒక మతం కోసం బోధన చేయరాదంటుంది. గొబ్బెమ్మకు పసుపు కుంకుమలు పెట్టే ఫొటో చూపి, ఇది పూజ కాదంటే ఎవరు నమ్ముతారు?

సీతమ్మధార నుంచి:
మతాల గురించిన సాధారణ పరిజ్ఞానానికి విద్యలో విలువనివ్వాలని కూడా ఆ అధికరణమే చెబుతుంది. చూపడం వేరు, చేయించడం వేరు. నేను అక్కడ పనిచేసిన మొదటి ఏడాది స్లైడ్లు వేసి పీరియడంతా నేనే మాట్లాడాను. పిల్లలు మర్యాదగా విన్నారు, ఒక్క ఇంగ్లీషు ముక్క పలకలేదు. మరుసటి ఏడాది సుద్దముక్క ఇచ్చి, 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు పెట్టించాను. ‘హౌ మెనీ డాట్స్?’ అని ఒకరినొకరు అడుగుతూ 4, 5, 6, 7, 6, 5, 4 కూడి 37 అని తేల్చారు. ఒక అమ్మాయి నడిమి వరుసలో 8 పెట్టడంతో గీత ఎక్కడా కలవలేదు, ‘వన్ లెస్!’ అని పక్కపిల్ల అరిచింది. (మా అమ్మ నన్ను ఇప్పటికీ వాకిట్లో ముగ్గు పెట్టనివ్వదు.) గొబ్బెమ్మల జోలికి నేను పోలేదు. అరిసెలు మాత్రం వద్దు: వాటికి అద్దే నువ్వులు అక్కడ అలర్జీ హెచ్చరిక కోసం సూచించిన పదార్థాల్లో ఉన్నాయి.

మద్దిలపాలెం నుంచి:
ముగ్గుపై నా అభ్యంతరం తగ్గింది. ‘ఇండియాలో ఇలా చేస్తారు’ అనే వాక్యంపై తగ్గలేదు. మన విశాఖ హార్బరు పక్కనే ఒక కొండపై గుడి, ఒకదానిపై దర్గా, ఇంకోదానిపై చర్చి ఉండగా, ఒక్క ఇంటి పండుగను దేశమంతటికీ అంటగట్టడం తప్పు.

సీతమ్మధార నుంచి:
ఒప్పుకుంటాను. ‘ఎట్ మై హోమ్’ అని మొదలుపెడితే సరిపోతుంది.

పెదవాల్తేరు నుంచి:
అరిసెలు మానేస్తానంది. 37 చుక్కల ముగ్గును అమ్మ చేత కాగితంపై వేయించి, ఫొటో తీసి పంపాను.