అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లలకి నెలనెలా డబ్బు ఏమైనా వస్తుందా?

ఉద్దానం పిల్ల:
మాది పలాస దగ్గర ఊరు. మా అప్ప (అక్క) కిడ్నీ జబ్బుతో పోయి రెండేళ్లయింది. బావ చెన్నై పనికని వెళ్లాడు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడు. ఆరో తరగతి పాప, మూడో తరగతి బాబు మా అమ్మ దగ్గరే. అమ్మకి అరవై దాటినా జీడిపిక్కలు కొట్టడానికి పోతుంది, ఆ నూనెకి వేళ్ల చర్మం నల్లబడి ఊడిపోయింది, ఆ చేత్తో జడ వేస్తుంటే "గీసుకుంటోంది అమ్మమ్మా" అని పాప గునుస్తుంది. నేను విశాఖ నుంచి మూడు వేలు పంపుతాను, అంతకుమించి నా వల్ల కాదు. పిల్లల్ని హాస్టల్లో వేస్తేనే సర్కారు డబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా?

టెక్కలి మాస్టారు:
కాదమ్మా. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పిల్లల పథకంలో స్పాన్సర్‌షిప్ అని ఉంది, బంధువుల ఇంట్లో పెరిగే అనాథ పిల్లలూ అందులోకి వస్తారు. ఒక్కొక్కరికి నెలకి 4,000, 18 ఏళ్లు నిండేదాకా. ఇంటి ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. శ్రీకాకుళంలో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. డెత్ సర్టిఫికెట్, ఆధార్‌లు, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, పిల్లల పేరున బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోండి. ఇల్లు చూడ్డానికి కూడా వస్తారు.

విజయనగరం అక్క:
తండ్రి బతికే ఉన్నాడుగా, మెలిక అక్కడే. మా మేనకోడలి విషయంలో "నాన్న ఉన్నాడు కదా" అని కాగితాలు పక్కన పడేశారు, పిల్లని తీసుకుని బాలల సంక్షేమ కమిటీ ముందుకెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాకే కదిలాయి. కన్నవాళ్లు వదిలేసిన పిల్లలు కూడా పిల్లల సంరక్షణ కోసం ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కిందికి వస్తారు, అది గట్టిగా చెప్పు చెల్లీ. ఎక్కడికెళ్లాలో తెలీకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

తాత మనవడు:
డబ్బు సంగతి వీళ్లు చెప్పారు. నేను తాత దగ్గర పెరిగాను. మా మావయ్య నెలనెలా పంపేవాడు, పంపిన ప్రతిసారీ లెక్క అడిగేవాడు, ఆ ఫోన్ మోగితే చాలు తాత దొడ్లోకి వెళ్లిపోయేవాడు. మీరు నెలకో ఆదివారం వెళ్లి వంట, పిల్లలు మీరు చూసుకోండి, మీ అమ్మని పడుకోనివ్వండి.

ఉద్దానం పిల్ల:
లెక్క పోయిన నెల నేనూ అడిగాను. డెత్ సర్టిఫికెట్‌లో అప్ప ఇంటిపేరు తప్పు పడింది, ముందు అది దిద్దించాలి. శనివారం సాయంత్రం బస్సుకి ఊరెళ్తున్నా.