అప్‌డేట్: ఇంపాక్ట్ రెంచ్ తీసుకున్నాను

కార్ల చక్రాల నట్లు, తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టులు విప్పడానికి గాలితో నడిచే ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లు తిప్పే పనిముట్టు) మేలా, బ్యాటరీది మేలా అని అడిగాను కదా. చివరికి బ్యాటరీదే తెచ్చాను. అరంగుళం డ్రైవ్ (నట్టు మీద తొడిగే సాకెట్‌ను తగిలించే చదరపు మొన), 18 వోల్టులు, బ్రష్‌లెస్ మోటారు (కార్బన్ బ్రష్‌లు లేనిది).

మా షెడ్డులో ఉన్నది 50 లీటర్ల కంప్రెసర్. గాలి రెంచ్ పెడితే ట్యాంకు ఇట్టే ఖాళీ అయిపోతుంది, మళ్లీ నిండేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. పైగా కరెంటు కోతలు. బ్యాటరీలు మా డ్రిల్లుకు పనికొచ్చేవే కాబట్టి రెంచ్ ఒక్కటే కొంటే సరిపోయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం బ్యాటరీ, ఛార్జర్ ఖర్చు కూడా కలిపి చూసుకోండి.

డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది చాలాసార్లు విప్పే టార్క్ (తిప్పే బలం), బిగించేది అంతకంటే తక్కువ అని చెప్పినవారికి థ్యాంక్స్. షోరూమ్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు!

షాక్ అబ్జార్బర్ కింది బోల్టు మీద మొదటిసారి పెట్టాను. కాసేపు టకటకా కొట్టింది అంతే, కదల్లేదు. తుప్పు వదిలే నూనె కొట్టి, టీ తాగి వచ్చి మళ్లీ పెట్టాను. ఎర్రటి పొడి రాలింది, సాకెట్ గిర్రున తిరిగింది.

సాకెట్లు నల్లటి ఇంపాక్ట్ రకమే వాడుతున్నాను. తళతళలాడే మామూలు సాకెట్లు ఈ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. చక్రాల నట్లకు చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే చేతి రెంచ్), కారు మాన్యువల్‌లో చెప్పినంతే.

ఒక్కటే ఇబ్బంది, బరువు. కారు కింద పడుకుని పైకెత్తి పట్టుకుంటే భుజం లాగేస్తోంది.