ఈవెంటు పారామీటరుగా సొంత క్లాస్‌ను నేరుగా పంపవచ్చా, ఈవెంట్‌ఆర్గ్స్ నుంచి పుట్టించవలసిందేనా?

కాటాకోడ్:
సీ షార్ప్‌లో లారీ కాటాకు ప్రోగ్రాం రాస్తున్నాను. బరువు చూపే ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు వస్తుంది. అంకె నిలకడగా ఆగగానే నా క్లాస్ ఒక ఈవెంటు (ఏదో జరిగిందని ప్రోగ్రాంలోని మిగతా భాగాలకు చెప్పే కబురు) పంపుతుంది. బండి నంబరు, బరువు, సమయం ఉన్న ‘తూకం’ అనే క్లాస్ ముందే ఉంది కాబట్టి దాన్నే పారామీటరుగా ఇచ్చాను. మా సీనియర్ ఒప్పుకోలేదు. ఈవెంట్‌ఆర్గ్స్ (ఈవెంటు వివరాల కోసం డాట్‌నెట్‌లో ముందే ఉన్న మాతృ క్లాస్) నుంచి వేరే క్లాస్ పుట్టించి, తూకాన్ని అందులో పెట్టి పంపమంటున్నారు. ఇది అవసరమా, కేవలం అలవాటా?

పాతకాపు:
మీ సీనియర్ చెప్పిందే సరి. 2002లో డాట్‌నెట్ మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచి ఉన్న పద్ధతి ఇది: మొదటి పారామీటరు పంపినవారు, రెండోది ఈవెంట్‌ఆర్గ్స్ లేదా దాని నుంచి పుట్టిన క్లాస్. నా అనుభవం చెబుతాను. పాల సేకరణ కేంద్రానికి రాసిన ప్రోగ్రాంలో లీటర్లను ఒట్టి డెసిమల్‌గా పంపాను. కొన్నాళ్లకు వెన్న శాతం కూడా కావాలన్నారు. పారామీటరు మారేసరికి ఆ ఈవెంటుకు తగిలించిన హ్యాండ్లర్లలో (ఈవెంటు వచ్చినప్పుడు నడిచే మెథడ్లలో) ఒక్కటీ కంపైల్ కాలేదు. అదే క్లాస్ అయి ఉంటే ఒక ప్రాపర్టీ చేర్చి ఊరుకునేవాణ్ణి.

నిలువుగీత:
పాతకాపు గారూ, మీ అనుభవం డెసిమల్‌కు వ్యతిరేకం, సొంత క్లాస్‌కు కాదు. ‘తూకం’ కూడా క్లాసే కదా, దానికీ ప్రాపర్టీ చేర్చవచ్చు. ఈవెంట్‌ఆర్గ్స్ తెరిచి చూడండి: ‘ఎంప్టీ’ అనే ఫీల్డు తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు. జెనరిక్ ఈవెంట్‌హ్యాండ్లర్‌కు (రెండో పారామీటరు టైపును మనమే ఇచ్చే, డాట్‌నెట్‌లో ముందే ఉన్న ఈవెంటు రూపానికి) ఒకప్పుడు ఆ వారసత్వం తప్పనిసరి. 2012లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.5 వచ్చినప్పుడు మైక్రోసాఫ్టే ఆ నిబంధన తీసేసింది. సీ షార్ప్ 9తో వచ్చిన రికార్డులైతే (విలువలు మోయడానికి వాడే ఒక రకం క్లాస్‌లు) రికార్డు కాని క్లాస్ నుంచి వారసత్వం తీసుకోలేవు, అంటే ఈవెంట్‌ఆర్గ్స్ పట్టుపడితే రికార్డులు వదులుకోవాలి.

పాతకాపు:
అన్ని ఈవెంట్లనూ లాగ్ చేసే ఒకే హ్యాండ్లర్ రాసుకోవాలంటే? రెండో పారామీటరు ఈవెంట్‌ఆర్గ్స్ అయితే ఆ ఒక్క మెథడ్‌ను ఏ ఈవెంటుకైనా తగిలించవచ్చు. ఇది మాకు రోజూ ఉపయోగపడింది.

నిలువుగీత:
రెండో పారామీటరును ఆబ్జెక్ట్ అని రాసినా అంతే. రికార్డూ క్లాసూ రెండూ దానికి తగులుతాయి. తగలనివి డెసిమల్, స్ట్రక్ట్ వంటి వాల్యూ టైపులే (అసలు వస్తువుగా కాక నకలుగా అందేవి).

గింజలెక్క:
మీరిద్దరూ తండ్రి ఎవరన్న దగ్గరే ఆగిపోయారు. నన్ను నిద్రపోనివ్వనిది వేరే విషయం. కాటాకోడ్ గారూ, మీ ‘తూకం’లో బరువుకు సెట్టర్ (బయటి కోడు ఆ విలువను మార్చే వీలు) ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఒక ధాన్యం మిల్లు ప్రోగ్రాంలో మేం కూడా ఉన్న క్లాస్‌నే నేరుగా పంపాం. మొదటి హ్యాండ్లర్ తెర మీద చూపించడానికి బరువును కిందనున్న పది కిలోల అంకెకు సవరించి, ఆ అంకెను అదే వస్తువులో తిరిగి రాసింది. ఈవెంటుకు తగిలించిన హ్యాండ్లర్లన్నీ వరుసగా పిలవబడతాయి, అన్నిటికీ అందేది ఆ ఒక్క వస్తువే. రెండో హ్యాండ్లర్ డేటాబేస్‌లో రాసింది సవరించిన బరువు. రైతుకు వచ్చిన రసీదులో ఆరేడు కిలోలు తక్కువ. ఎవరి కోడూ విడిగా చూస్తే తప్పుగా కనిపించలేదు, అందుకే పట్టుకోవడానికి చాలా రోజులు పట్టింది.

మీ సీనియర్ చెప్పినట్టు పెట్టెలో పెట్టి పంపినా, లోపలి తూకం మార్చదగినదైతే ఇదే జరుగుతుంది. ఈవెంటు అంటే జరిగిపోయిన దాని గురించిన కబురు. కబురు విన్నవాడు దాన్ని దిద్దకూడదు. విలువలు కన్‌స్ట్రక్టర్‌లోనే ఇచ్చి సెట్టర్లు తీసేయండి. తండ్రిని ఆ తర్వాత ఎంచుకోవచ్చు.

ఇంకొకటి. సీరియల్ పోర్టు ఈవెంటు వేరే థ్రెడ్‌లో (తెరను నడిపే కోడుతో పాటు విడిగా సాగే వరుసలో) వస్తుంది. మీరు ఒకే తూకం వస్తువును అట్టిపెట్టుకుని బండి బండికీ విలువలు మారుస్తుంటే, తెరకు కబురు చేరేలోపు అందులో తర్వాతి లారీ బరువు ఉండవచ్చు.

పాతకాపు:
ఇది నేను ఒప్పుకుంటాను. అయితే విన్నవాడు జవాబివ్వవలసిన ఈవెంట్లూ ఉన్నాయి. ఫారం మూసేముందు వచ్చే ఈవెంటులో ‘క్యాన్సెల్’ను హ్యాండ్లర్ మార్చగలగాలి. అక్కడ స్ట్రక్ట్ పంపితే హ్యాండ్లర్ మార్చేది తన నకలునే, పంపినవారికి ఏమీ తెలియదు.

గింజలెక్క:
నిజమే. ఆ ఒక్క ప్రాపర్టీకి మాత్రం సెట్టర్ ఉంచాలి. అక్కడ కూడా ఒక హ్యాండ్లర్ వద్దన్నది చివరి హ్యాండ్లర్ సరేననగలదు, జాగ్రత్త.

కాటాకోడ్:
గింజలెక్క గారూ, మీరు ఊహించినట్టే ఒకే వస్తువును మళ్లీ మళ్లీ వాడుతున్నాను. సెట్టర్లు తీసేసి కంపైల్ చేశాను. నా క్లాస్ కాక ఇంకో రెండు చోట్ల ఎర్రగీత వచ్చింది. ఒకటి రసీదు ముద్రించే కోడు: సంచుల బరువును అక్కడే తీసేసి తూకంలో తిరిగి రాస్తున్నాను. దాని తర్వాతే డేటాబేస్ హ్యాండ్లర్ ఉంది. ఇక ఈవెంటుకు రికార్డే వాడదామనుకుంటున్నాను. ఈ లైబ్రరీని వేరే బృందాలు కూడా వాడతాయి కాబట్టి పాత పద్ధతే ఉండాలని సీనియర్ ఇప్పటికీ అంటున్నారు. రేపు ఆ రెండు లైన్లు ఆయనకు చూపిస్తాను.