వ్యాపారంలో అప్పులుంటే బయటికి చెప్పాలా, గుట్టుగా ఉంచాలా?

కావలి ఫీడ్ షాపు:
అన్నలూ, అక్కలూ, తేల్చుకోలేక అడుగుతున్నా. మా పక్క ఊళ్లో ఒక రొయ్యల రైతు ఉండాడు, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల షాపు కూడా నడుపుతాడు. మొన్న వాట్సాప్ స్టేటస్‌లో తన అప్పు మొత్తం పెట్టేశాడు. బ్యాంకుకి ఇంత, ప్రామిసరీ నోట్ల మీద ఇంత, చీటీ బాకీ ఇంత, వచ్చే పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మినప్పుడు, ఇంత తీరుస్తా అని. సగం మంది శెభాష్ అన్నారు. మిగతా సగం తెల్లారేసరికి ఆయన గేటు ముందర ఉండారు.

2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పటి నుంచి మా వైపు అందరి లెక్కలూ తలకిందులైనాయి. ధర పడి, రైతులు నాకు ఇవ్వాల్సిన మేత బాకీ పట్టుబడికి తీరలేదు. నేను కంపెనీకి కట్టాల్సింది మాత్రం ఆగదు గదా. వెనామీ రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది, అదంతా అరువు మీదే నడుస్తుంది. నేను కూడా ఆయన మాదిరి చెప్పేయనా, నోరు మూసుకొని నెట్టుకురానా?

ఒంగోలు గ్రానైట్:
చెప్పొద్దు తమ్ముడూ. చీమకుర్తి గెలాక్సీ రాయి మీద మా బంధువు ఒకాయనకి పాలిషింగ్ యూనిట్ ఉండేది. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర, బ్యాంకు కిస్తీలు ఆగాయని పక్కాయనతో మాటవరసకి అన్నాడు. ఆ వారంలోనే క్వారీ వాళ్లు డబ్బు పడితేనే బ్లాకు లోడ్ చేస్తామన్నారు. బ్లేడ్లిచ్చేవాడు నెలాఖరు ఖాతా ఎత్తేసి నగదు అడిగాడు. గడువిచ్చిన నోట్ల వాళ్లంతా వరండాలో కూర్చున్నారు. ఎవరో 'ఐపీ పెడతాడంట' అన్నారు, ఇక ఆపేవాడెవరు? అప్పటికి మిషన్లు తిరుగుతున్నాయి, ఆర్డర్లున్నాయి, రావాల్సిన డబ్బులున్నాయి. మాట పొక్కి మూతపడింది ఆ యూనిట్. వ్యాపారస్తుడికి పరపతే పెట్టుబడి. దాన్ని స్టేటస్‌లో పెట్టి తగలబెట్టుకుంటారా ఎవరైనా?

దర్గామిట్ట:
ఒంగోలు అన్నగారూ, ఊరికి చెప్పడం సంగతి తర్వాత. ఇంట్లో చెప్పారా అని నేనడుగుతున్నా. మా ఆయన వ్యాపారం అప్పుకి మా పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం తాకట్టులో ఉంది. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. గ్యారంటీదారు అంటే ఏంటో ఎవరూ చెప్పలా. బ్యాంకు వాళ్లు 60 రోజుల గడువిస్తూ పంపిన నోటీసు షాపుకి వచ్చింది. ఆయన దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టారు, నేను కంగారు పడతానని. ఆ 60 రోజులూ మా ఇంట్లో ఎప్పటిలాగే వంట, పూజ, పిల్లల ఫీజులు. తర్వాత స్వాధీన ప్రకటన తెలుగు పేపర్లో పడింది. అందులో నా పేరు, మా నాన్న పేరు, సర్వే నంబరు చూసి మా చెల్లెలు గూడూరు నుంచి ఫోన్ చేసింది. నాకప్పుడు తెలిసింది. ముందే తెలిస్తే నా నగలున్నాయి, మా అన్న ఉన్నాడు, ఆ స్థలంలో సగం మనమే మంచి రేటుకి అమ్ముకునేవాళ్లం. పరువు కోసం దాచిన విషయం పేపర్లో అచ్చయింది. ఏ పరువు మిగిలినట్టు?

మాగుంట లేఅవుట్, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:
బ్యాంకు దగ్గర దాచడం అనేదే ఉండదు. టర్మ్ లోన్ కిస్తీ గడువు తప్పిన రోజే ఖాతా మా సిస్టంలో ఎస్ఎంఏ, అంటే కన్నేసి ఉంచాల్సిన ఖాతా, కింద పడుతుంది. 30 రోజులు దాటితే ఎస్ఎంఏ 1, 60 దాటితే ఎస్ఎంఏ 2, 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అంటే మీరు చెప్పకపోతే మీ కష్టం బ్యాంకుకి తెలుస్తుంది, మీ కారణం మాత్రం తెలియదు.

ఒంగోలు వారి బంధువు లాంటి యూనిట్లకి ఒక దారి ఉంది. కష్టంలో ఉన్న చిన్న పరిశ్రమలను నిలబెట్టే పద్ధతిని కేంద్రం 2015లో నోటిఫై చేసింది, 2016లో రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటికీ ఆదేశాలిచ్చింది. 25 కోట్ల వరకు రుణాలకు వర్తిస్తుంది. యజమానే రాసి అడగొచ్చు. కమిటీ కూర్చుని గడువు సవరించాలా, రికవరీకి పోవాలా తేలుస్తుంది. 2024లో సుప్రీంకోర్టు ఇది బ్యాంకులు పాటించి తీరాల్సిందే అంటూ, ఇంకో మాట కూడా చెప్పింది. ఖాతా ఎన్‌పీఏ కాకముందే యజమాని తనది ఎంఎస్ఎంఈ, అంటే చిన్న పరిశ్రమ, అని కాగితాలతో ముందుకు రావాలి. అప్పుడు ఊరుకుని, తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం చర్యలు చివరికొచ్చాక అడిగితే కుదరదు. మౌనంగా ఉన్నవాడికి చట్టంలో ఉన్న మేలు కూడా పోతోంది, చూడండి.

కావలి తమ్ముడూ, నీది కొని అమ్మే వ్యాపారం కాబట్టి చిన్న పరిశ్రమల కింద చేసుకునే ఉద్యమ్ నమోదు ప్రాధాన్య రంగ రుణాల వరకే పనికొస్తుంది, ఆ కమిటీ మీద ఆశ పెట్టుకోకు. అయినా మేనేజర్ని కలువు. ఎవరెవరి దగ్గర ఎంత రావాలో, ఏ చెరువు ఎప్పుడు పట్టుబడికొస్తుందో రాసుకుని పో. ఉత్త చేతులతో వచ్చి 'కొంచెం చూడండి సార్' అంటే నేను కూడా ఏమీ చేయలేకపోయేవాణ్ణి.

కావలి ఫీడ్ షాపు:
సార్, బ్యాంకుది మూడో వంతే. మిగతాదంతా నూటికి రెండు రూపాయల వడ్డీ నోట్లు. వాళ్లకి ఏ రూలూ లేదు. అందులో రిటైరైన వాళ్లు, బిడ్డ పెళ్లికి దాచుకున్నవాళ్లు ఉండారు. వాళ్ల మొహం చూసి చెప్పాలంటే కాళ్లాడటం లేదు.

కందుకూరు మాస్టారు:
నేను ఆ నోట్ల వాళ్లలో ఒకణ్ణి. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఇద్దరికి ఇచ్చాను. మూడేళ్లు నిండితే నోటు కోర్టులో చెల్లదు కాబట్టి, ఆలోపు కొంత కట్టించుకుని చెల్లు వేయించుకోవాలి, లేదా తిరగరాయించుకోవాలి, లేదా కోర్టుకి పోవాలి. ఆ తేదీ దగ్గరపడేకొద్దీ మాకూ నిద్ర ఉండదని మీకు తెలియాలి.

ఒకాయన సంక్రాంతి వెళ్లాక మా ఇంటికొచ్చాడు. మా ఆవిడ ముందే కాగితం తీసి, మొత్తం బాకీ ఇది, వడ్డీ కట్టలేను, అసలు నాలుగు విడతల్లో ఇస్తాను అన్నాడు. నాకు కోపం రాలేదా అంటే వచ్చింది, గట్టిగానే అరిచాను. చివరికి ఒప్పుకున్నాను. అసలు ముట్టింది. రెండో ఆయన ఫోన్ స్విచాఫ్, ఇంటికి తాళం, బెంగుళూరులో ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన మీద దావా వేశాను. ఆయన వెళ్లే నెల ముందు కూడా ఇంకో లక్ష అడిగాడు, వ్యాపారం పెంచుతున్నానని. అది మాత్రం నేను క్షమించను. అప్పుల్లో ఉన్నానని చెప్పకపోవడం ఒకటి, చెప్పకుండా కొత్త అప్పు అడగడం ఇంకొకటి. రెండోది మోసం.

ఒంగోలు గ్రానైట్:
మాస్టారూ, ఆ చివరి మాట కాదనను. ఇంట్లో, బ్యాంకులో చెప్పాలన్నదీ సరే. కానీ మీ మొదటాయన మీ ఇంటికొచ్చి చెప్పాడు, ఊరందరికీ కాదు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడుకుంటే ఒప్పందం కుదురుతుంది. పది మందీ ఒకేసారి గేటు దగ్గర నిలబడితే ఎవరూ ఆగరు, 'వాడికిచ్చి నాకెందుకివ్వవు' అంటారు. స్టేటస్ పెట్టడం ధైర్యం అని కుర్రాళ్లు మెచ్చుకుంటే నాకు భయమేస్తుంది.

అల్లూరు కుర్రోడు:
భయమెందుకన్నా? 2019 జూలైలో కెఫే కాఫీ డే అధిపతి సిద్ధార్థ గారు అప్పుల ఒత్తిడిలో ప్రాణం తీసుకున్న సంగతి మనందరం చూశాం. కంపెనీ అప్పు 7 వేల కోట్ల పైనే. ఆయన పోయాక భార్య మాళవికా హెగ్డే 2020 డిసెంబరులో పగ్గాలు తీసుకుని ఆస్తులమ్మి అప్పు తగ్గిస్తూ వచ్చారు, కాఫీ షాపులు నడుస్తూనే ఉన్నాయి. తీర్చే దారి ఉన్న అప్పుకి మనిషి పోకూడదు. ఎవరో ఒకరితో చెప్పుకోవాల్సిందే. మనసు మరీ బరువైతే 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కావలి ఫీడ్ షాపు:
అందరికీ దండాలు. స్టేటస్ పెట్టను. సోమవారం బ్యాంకుకి పోతా. అంతకుముందు ఇంట్లో కూర్చుని లెక్క మొత్తం నా భార్యకి చూపిస్తా. ఆ తర్వాత నోట్ల వాళ్ల దగ్గరికి, చిన్న బాకీల నుంచి మొదలుపెట్టి పోదామనుకుంటున్నా.

దర్గామిట్ట:
చీటీ బాకీ కూడా ఉంటే అందులో షూరిటీ సంతకాలు పెట్టిన గవర్నమెంటు ఉద్యోగులెవరో చూసుకో తమ్ముడూ. నువ్వు కట్టకపోతే వాళ్ల జీతంలో పట్టుకుంటారు. నోట్ల వాళ్ల కంటే ముందు వాళ్లకి చెప్పు, చీటీ ఆఫీసు కాగితం వాళ్ల స్కూలుకి చేరకముందే.